పోటీలో నిలిచే సంస్థలు – మానవవనరుల నిర్వహణ: ఫ్రీమాంట్ కార్ల కర్మాగారం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

యంత్రాలను, సాంకేతిక పరిజ్ఞానాన్ని, మూలధనాన్ని ఏ సంస్థ అయినా డబ్బు చెల్లించి సమకూర్చుకోగలదు. ఉద్యోగుల నైపుణ్యాన్ని, వారికీ యాజమాన్యానికీ మధ్య ఏర్పడిన విశ్వాసాన్ని అదే విధంగా కొనితెచ్చుకోవడం సాధ్యపడదు. మానవవనరుల నిర్వహణ ఒక సంస్థను పోటీలో ఎలా నిలబెడుతుందన్న ప్రశ్నకు అమెరికాలోని ఫ్రీమాంట్ కార్ల కర్మాగారం చరిత్ర అరుదైన సమాధానం ఇస్తుంది. 1982లో మూతబడిన ఆ కర్మాగారం 1984లో చాలావరకు పాత కార్మికులతోనే, అదే జాతీయ కార్మికసంఘంతోనే తిరిగి ప్రారంభమై, రెండు మూడేళ్లలో ఆ దేశపు మేలైన కార్ల కర్మాగారాల సరసన చేరింది. ఆ మార్పుకు దారితీసిన నియామక, శిక్షణ, ఉద్యోగభద్రత, పనివిధాన పద్ధతులను, వాటిని అనుకరించబోయినవారు ఎదుర్కొన్న వైఫల్యాన్ని, ఆ పద్ధతుల పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మానవవనరుల నిర్వహణ, పోటీసామర్థ్యం, ఉద్యోగభద్రత, టొయోటా ఉత్పత్తివిధానం, నూమీ, కార్మికసంఘం.

1. ఉపోద్ఘాతం:

సంస్థలో పనిచేసేవారి వ్యవహారాలు చూసే విభాగాన్ని ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పాటు ‘పర్సనల్ డిపార్ట్‌మెంట్’ అని పిలిచేవారు. హాజరుపట్టీలు, జీతాల బిల్లులు, సెలవులు, క్రమశిక్షణ చర్యలు, కార్మికసంఘాలతో సంప్రదింపులు దాని పనులు. సంస్థ ఏ వస్తువు తయారుచేయాలి, ఏ మార్కెట్‌లో ప్రవేశించాలి అన్న నిర్ణయాలు జరిగే గదిలో ఆ విభాగానికి కుర్చీ ఉండేది కాదు. 1980ల ఆరంభంలో ఈ దృష్టి మారింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1981లో మానవవనరుల నిర్వహణను కొత్త పాఠ్యాంశంగా ప్రవేశపెట్టింది. మైకేల్ బీర్, ఆయన సహాచార్యులు రాసిన ‘మేనేజింగ్ హ్యూమన్ ఎసెట్స్’ 1984లో వెలువడింది. ఫోంబ్రన్, టిచీ, డెవన్నా వెలువరించిన ‘స్ట్రాటజిక్ హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్’ కూడా ఆ సంవత్సరానిదే. ఉద్యోగుల ఎంపిక, శిక్షణ, జీతభత్యాలు, పదోన్నతి అనేవి విడివిడి గుమాస్తా పనులుగా మిగిలిపోకూడదనీ, అవి సంస్థ వ్యాపారవ్యూహంలో భాగం కావాలనీ ఈ గ్రంథాల సారాంశం.

‘వనరు’ అన్న మాట తెలుగులో నీటికి, ఖనిజానికి, అడవికి అలవాటైనది. తవ్వుకొని, తోడుకొని వాడుకొనేదానికి పెట్టిన పేరును మనిషికి పెట్టడంలో ఒక ఇబ్బంది లేకపోలేదు. ఆంగ్లంలోనూ ఈ పేరును విమర్శించినవారున్నారు. అయితే తవ్వితే తరిగిపోయే ఖనిజానికి భిన్నంగా, మనిషి నైపుణ్యం వాడేకొద్దీ పెరుగుతుంది. దానిని వాడనీయాలా వద్దా అన్నది మాత్రం ఆ మనిషి ఇష్టం. మానవవనరుల నిర్వహణలోని చిక్కంతా ఈ ఇష్టం చుట్టూనే ఉంది.

మంచి ఉద్యోగులుంటే సంస్థ బాగుపడుతుందని చెప్పడానికి పరిశోధన అక్కరలేదు. నిరూపించవలసిన విషయం వేరు. ఉద్యోగులు వారే అయినప్పుడు, వారిని నిర్వహించే తీరు మారినంత మాత్రాన ఫలితం మారుతుందా? నిజజీవితంలో ఇటువంటి ప్రయోగం చేయడం దాదాపు అసాధ్యం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో అది ఎవరూ ప్రయోగంగా తలపెట్టకుండానే జరిగింది.

2. మూతబడిన కర్మాగారం:

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి ఆగ్నేయంగా ఉన్న ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ సంస్థ 1960ల ఆరంభం నుంచి కార్లు తయారుచేసింది. 1978 నాటికి అక్కడ ఏడు వేల మందికి పైగా పనిచేసేవారు. ఆ సంస్థ కర్మాగారాలలో అధ్వానమైనవాటిలో ఒకటిగా ఫ్రీమాంట్‌కు పేరుండేది. ఏ రోజు చూసినా 20 నుంచి 25 శాతం మంది గైర్హాజరులో ఉండేవారు. సోమవారం ఉదయం లైన్ నడపడానికి చాలినంత మంది దొరకని సందర్భాలుండేవి. యాజమాన్యం మీద కార్మికులు దాఖలు చేసి పరిష్కారానికి నోచుకోని ఫిర్యాదుల సంఖ్య ఐదు వేలు దాటింది. పనివేళల్లో మద్యం సేవించడం, కావాలని కారులో లోపం వదిలిపెట్టడం అక్కడి కార్మికులే తరువాతి కాలంలో చెప్పుకొన్న సంగతులు.

ఈ స్థితికి కార్మికుల సోమరితనమే కారణమని ఆనాడు పలువురు భావించారు. పనివిధానాన్ని దగ్గరగా చూస్తే మరో చిత్రం కనిపిస్తుంది. అసెంబ్లీ లైన్ ఎట్టి పరిస్థితిలోనూ ఆగకూడదన్నది అక్కడి మొదటి నియమం. ఎదుటికి వచ్చిన కారులో లోపం కనిపించినా కార్మికుడు దానిని ముందుకు పంపవలసిందే. అటువంటి కార్లన్నీ చివర మరమ్మతుల ఆవరణకు చేరేవి. ఎవరు ఏ పనిని ఎన్ని సెకండ్లలో చేయాలో ఇంజనీర్లు నిర్ణయించి కాగితం మీద రాసి ఇచ్చేవారు. ఆ కాగితం తప్పని లైన్ మీద ఉన్నవాడికి తెలుసు. ఆ మాట అతడిని అడిగినవారు లేరు. తన కళ్లెదుట తప్పు జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడమే ఉద్యోగమైన మనిషికి ఆ పని మీద గౌరవం మిగలడం కష్టం.

1982లో జనరల్ మోటార్స్ ఈ కర్మాగారాన్ని మూసివేసింది. వేలాది మంది ఉద్యోగాలు కోల్పోయారు.

3. కొత్త సంస్థ – పాత కార్మికులు:

జపాన్ కార్ల దిగుమతుల మీద 1981లో పరిమితులు రావడంతో అమెరికా గడ్డ మీదనే కార్లు తయారుచేయవలసిన అవసరం టొయోటాకు ఏర్పడింది. తన ఉత్పత్తివిధానం అమెరికా కార్మికులతో, అక్కడి సంఘాలతో పనిచేస్తుందా అన్న సందేహం ఆ సంస్థకు ఉంది. జనరల్ మోటార్స్‌కు లాభం తెచ్చే చిన్న కారు కావాలి. టొయోటా రహస్యమేమిటో కూడా తెలియాలి. ఈ రెండు అవసరాలు కలిసి ‘న్యూ యునైటెడ్ మోటార్ మాన్యుఫ్యాక్చరింగ్’ అనే ఉమ్మడి సంస్థ 1984లో ఏర్పడింది. ఆంగ్ల పొడి అక్షరాలను కలిపి దానిని నూమీ అని పిలిచేవారు. స్థలం, భవనం, అమ్మకాల బాధ్యత జనరల్ మోటార్స్‌వి. నిర్వహణ టొయోటాది. టొయోటా స్థాపక కుటుంబానికి చెందిన తత్సురో టొయోడా మొదటి అధ్యక్షుడు.

టొయోటా మొదట పాత సంఘాన్ని, పాత కార్మికులను తీసుకోవడానికి వెనుకాడింది. ఎన్నో చర్చల తరువాత యునైటెడ్ ఆటో వర్కర్స్ సంఘాన్ని గుర్తించి, పని కోల్పోయిన కార్మికుల నుంచే ఎక్కువమందిని తీసుకోవడానికి అంగీకరించింది. 1985 చివరికి చేరిన సుమారు 2,200 మంది కార్మికులలో 85 శాతం పాత ఫ్రీమాంట్‌వారే. యాజమాన్యంతో ఢీకొన్న పాత సంఘనాయకులు సైతం వారిలో ఉన్నారు. జీతాలు కూడా సంఘం ఇతర అమెరికా కార్ల సంస్థలలో సాధించిన స్థాయిలోనే ఉన్నాయి. నూమీ సాధించిన విజయానికి చవక కూలీ కారణమని చెప్పడానికి వీలులేదన్న మాట.

నియామకం ఎలా జరిగిందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. దరఖాస్తుదారులకు మూడు రోజుల పరీక్ష ఉండేది. రాతపరీక్షలతో పాటు నమూనా అసెంబ్లీ లైన్ మీద బృందంగా పనిచేయించి చూసేవారు. పరీక్షించేవారిలో యాజమాన్య ప్రతినిధులతో సమానంగా సంఘ ప్రతినిధులూ కూర్చునేవారు. పాత నైపుణ్యం ఎంత అన్న ప్రశ్న కంటే, నలుగురితో కలిసి ఒక చిక్కును విప్పగలడా అన్న ప్రశ్నకు అక్కడ ఎక్కువ విలువ ఉండేది. ఎంపికైనవారిలో బృందనాయకులుగా పనిచేయబోయే వందలాది మందిని జపాన్‌లోని టొయోటా నగరానికి పంపి, మూడు వారాల పాటు తకఓకా కర్మాగారంలో అక్కడి కార్మికుల పక్కన నిలబెట్టి పని నేర్పించారు. రెండేళ్ల క్రితం వరకు తమ మాట వినేవారే లేని మనుషులకు, విమానమెక్కించి తీసుకువెళ్లి ‘దీనిని ఇంకా బాగా చేయడం ఎలా’ అని అడగడం కొత్త అనుభవం.

ఆహారశాల అందరికీ ఒక్కటే అయింది. అధికారులకు ప్రత్యేకించిన పార్కింగ్ స్థలాలు తొలగిపోయాయి. పదుల సంఖ్యలో ఉన్న ఉద్యోగ వర్గీకరణలు వేళ్ల మీద లెక్కించదగినన్నికి తగ్గాయి. ఇవి పైకి కనిపించే మార్పులు. ఆ తరువాతి కాలంలో నూమీని చూడవచ్చినవారు ఎక్కువగా ఫొటోలు తీసుకొన్నది వీటినే.

4. ఉద్యోగభద్రత ఒప్పందం:

సంఘంతో 1985లో కుదిరిన ఒప్పందంలో ఒక నిబంధన ఉంది. సంస్థ దీర్ఘకాలిక మనుగడకే ముప్పు తెచ్చే తీవ్ర ఆర్థిక పరిస్థితి వస్తే తప్ప కార్మికులను లే-ఆఫ్ చేయరాదు. అటువంటి పరిస్థితి వచ్చినా ముందుగా అధికారుల జీతాలు తగ్గించాలి. బయటి కాంట్రాక్టర్లకు ఇచ్చిన పనులను లోపలి కార్మికులకు మళ్లించాలి. ఆ తరువాతనే లే-ఆఫ్ ప్రస్తావన.

ఒప్పందపత్రాలలో ఇటువంటి వాక్యాలు చాలా సంస్థలలో కనిపిస్తాయి. దీనికి పరీక్ష 1987–88లో వచ్చింది. నూమీలో తయారైన షెవ్రొలే నోవా కారు అమ్మకాలు పడిపోయి, కర్మాగారం సామర్థ్యంలో 60 శాతం కూడా వినియోగంలో లేని స్థితి ఏర్పడింది. జనరల్ మోటార్స్ పాత పద్ధతిలో అయితే వందలాది మందికి ఇంటిదారి చూపే సమయమది. నూమీ ఒక్కరినీ తీసివేయలేదు. లైన్ మీద అవసరం లేనివారిని శిక్షణ తరగతులకు, పనివిధానాలను మెరుగుపరిచే కైజెన్ బృందాలకు పంపింది. ఆ నెలల్లో సంస్థ చెల్లించిన జీతాలను ఖర్చుల ఖాతాలో రాసుకొంటే అది నష్టం. అయితే పని తొందరగా పూర్తిచేసే ఉపాయం చెబితే తన ఉద్యోగమే పోతుందన్న భయం కార్మికుడికి ఎప్పటి నుంచో ఉంది. ఆ భయం నిరాధారమని రెండువేల మందికి కళ్లకు కట్టినట్లు చూపడానికి అంతకంటే చవకైన మార్గం మరొకటి లేదు.

5. స్టాప్‌వాచ్ ఎవరి చేతిలో ఉంది:

ఫ్రెడరిక్ టేలర్ 1911లో ప్రకటించిన ‘శాస్త్రీయ నిర్వహణ’ సిద్ధాంతం ప్రతి పనిని చిన్నచిన్న కదలికలుగా విభజించి, ఒక్కొక్కదానికి పట్టే కాలాన్ని కొలిచి, అన్నిటిలోకి మేలైన పద్ధతిని నిర్ణయించమంటుంది. ఆలోచించేది ఇంజనీరు, ఆచరించేది కార్మికుడు. శతాబ్దమంతటా కార్మికసంఘాలు స్టాప్‌వాచ్‌ను శత్రువు ఆయుధంగానే చూశాయి. ఇంజనీరు గడియారం పట్టుకొని వస్తే కావాలని నెమ్మదిగా పనిచేయడం ప్రతి కర్మాగారంలోనూ ఉన్న విద్య.

నూమీ ఈ కొలతలను విడిచిపెట్టిందని కొందరు అనుకొంటారు. నిజానికి పాత కర్మాగారం కంటే అక్కడ కొలతలు కఠినమైనవి. తేడా అంతా కొలిచే చేయి ఎవరిది అన్నదానిలో ఉంది. నలుగురైదుగురు కార్మికులు, ఒక నాయకుడు కలిసిన బృందానికే స్టాప్‌వాచ్ ఇచ్చారు. ఒకరి పనిని ఒకరు కొలుచుకొని, ఏ కదలిక వృథా అయినదో, ఏ పనిముట్టు చేతికి దూరంగా ఉందో, ఏ క్రమంలో చేస్తే నడుము మీద భారం తగ్గుతుందో చర్చించుకొని, ఆ పనికి ప్రామాణిక విధానాన్ని బృందమే రాసేది. రెండు షిఫ్టులలో అదే పని చేసేవారు దానిని సరిపోల్చి ఒక్కటి చేసుకొనేవారు. తరువాత ఎవరికైనా అంతకంటే మంచి ఉపాయం తోస్తే మళ్లీ రాసేవారు. నూమీని లోతుగా అధ్యయనం చేసిన పాల్ ఆడ్లర్ 1993లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రచురించిన వ్యాసంలో ఈ అంశాన్నే కేంద్రంగా తీసుకొన్నాడు. నియమాలు కఠినంగా ఉన్నంత మాత్రాన అవి మనిషిని అణచివేయనక్కరలేదనీ, వాటిని రాసినది ఎవరన్నదాని మీద ఆ సంగతి ఆధారపడుతుందనీ ఆయన వాదన.

లైన్ పక్కన వేలాడే ఆండాన్ తాడు కూడా ఇదే కోవకు చెందినది. లోపం కనిపించిన కార్మికుడు తాడు లాగితే సంగీతం మోగి, బోర్డు మీద దీపం వెలుగుతుంది. బృందనాయకుడు పరుగున వస్తాడు. పని కాలవ్యవధి ముగిసేలోగా లోపం సరికాకపోతే లైన్ ఆగుతుంది. ఎట్టి పరిస్థితిలోనూ లైన్ ఆగరాదన్న నియమం కింద పనిచేసినవారి చేతికి లైన్‌ను ఆపే అధికారం రావడం చిన్న విషయం కాదు. తాడు లాగినవాడిని వచ్చిన నాయకుడు మందలిస్తే రెండోసారి ఎవరూ దాని జోలికి పోరు. అందువల్ల బృందనాయకులకు ఇచ్చిన శిక్షణ, వారి పదోన్నతికి పెట్టిన ప్రమాణాలు తాడు కంటే ముఖ్యమైనవి. తాడు మాత్రం చవకైనది, కంటికి కనిపించేది.

పని ఎక్కువైందన్న మాట దాచవలసినది కాదు. పాత కర్మాగారంలో ప్రతి 60 సెకండ్లకు కార్మికుడు సుమారు 45 సెకండ్లు పనిచేస్తే, నూమీలో అది 57 సెకండ్లకు చేరింది. అయినప్పటికీ గైర్హాజరు 3, 4 శాతానికి పడిపోయింది. ఉద్యోగం పట్ల తృప్తిగా ఉన్నామని చెప్పినవారి సంఖ్య ఏటికేడు పెరుగుతూ వచ్చింది. సూచనల పథకంలో పాల్గొనేవారు 1986లో నాలుగింట ఒక వంతు. 1991 నాటికి 90 శాతం పైచిలుకు. ఎక్కువ పనిచేయించే చోటికి మనుషులు ఎక్కువగా రావడం పైకి వింతగా తోస్తుంది. రోజంతా చేసిన పని ఫలితం మరమ్మతుల ఆవరణలో పడి ఉండడం కంటే, మూడు నాలుగు సెకండ్లు మాత్రమే విశ్రాంతి ఉన్నా తాను రాసిన పద్ధతిలో మంచి కారును తయారుచేయడం వారికి మేలనిపించి ఉండాలి. ఇదే ఊరిలో ఇటువంటి జీతం ఇచ్చే మరో కర్మాగారం లేదన్న సంగతిని కూడా మరువరాదు. రెండేళ్ల నిరుద్యోగం నేర్పిన పాఠం ఈ ఫలితాలలో ఎంత, నిర్వహణ నేర్పు ఎంత అని విడదీయడం సులభం కాదు.

6. ఫలితం:

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు వోమాక్, జోన్స్, రూస్ 1990లో ప్రచురించిన ‘ద మెషీన్ దట్ చేంజ్డ్ ద వరల్డ్’ గ్రంథంలో 1987 నాటి మూడు కర్మాగారాల పోలిక ఉంది. ఒక కారును కూర్చడానికి జనరల్ మోటార్స్ వారి ఫ్రామింగ్‌హామ్ కర్మాగారానికి 31 పనిగంటలు, తకఓకాకు 16, నూమీకి 19 పట్టేవి. ప్రతి 100 కార్లకు బయటపడిన అసెంబ్లీ లోపాలు ఫ్రామింగ్‌హామ్‌లో 135, తకఓకాలో 45, నూమీలోనూ 45. నాణ్యతలో జపాన్ మాతృకర్మాగారంతో సమానం, ఉత్పాదకతలో దానికి చేరువ. నూమీ అత్యాధునిక యంత్రాలున్న కర్మాగారం కాదు. ఆ దశాబ్దంలోనే జనరల్ మోటార్స్ ఇతర కర్మాగారాలలో రోబోల మీద అపారమైన ధనాన్ని వెచ్చించింది. ఆ స్థాయి ఫలితం రాలేదు.

7. అనుకరణ ఎందుకు సాధ్యపడలేదు:

జనరల్ మోటార్స్ ఈ ఉమ్మడి సంస్థలో సగానికి యజమాని. దాని అధికారులు ఫ్రీమాంట్‌లోనే పనిచేశారు. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. అయినప్పటికీ నూమీలో నేర్చినదానిని తన ఇతర కర్మాగారాలకు తరలించడానికి ఆ సంస్థకు ఏళ్లు పట్టింది. దక్షిణ కాలిఫోర్నియాలోని వాన్‌నైస్ కర్మాగారంలో బృందాల పద్ధతిని ప్రవేశపెట్టే ప్రయత్నం జరిగింది. కార్మికులలో సగం మంది దానిని యాజమాన్యపు ఎత్తుగడగా చూశారు. సూపర్‌వైజర్లు తమ అధికారం పోతుందని భయపడ్డారు. ఆ కర్మాగారం 1992లో మూతబడింది.

ఈ వైఫల్యానికి కారణం ఆలోచించడానికి వ్యాపారశాస్త్రంలోని ఒక సిద్ధాంతం తోడ్పడుతుంది. ఒక సంస్థ వద్ద ఉన్న వనరు విలువైనదిగా, అరుదైనదిగా, అనుకరించడానికి వీలులేనిదిగా, మరొకదానితో భర్తీ చేయలేనిదిగా ఉంటేనే దానివల్ల శాశ్వతమైన పోటీబలం కలుగుతుందని జే బార్నీ 1991లో ప్రతిపాదించాడు. యంత్రం విలువైనదే కాని అరుదు కాదు. పేటెంటు గడువు తీరిపోతుంది. సంస్థలో ఎన్నో చిన్న నిర్ణయాల మీదుగా, ఎన్నో ఏళ్లుగా పేరుకొన్న విశ్వాసాన్ని మాత్రం ప్రత్యర్థి చూడగలడు, మెచ్చుకోగలడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోలేడు.

దీనికి తోడు ఈ పద్ధతులు ఒక్కొక్కటిగా పనిచేయవు. ప్రపంచంలోని 62 కార్ల కర్మాగారాలను పరిశీలించి జాన్ పాల్ మెక్‌డఫీ 1995లో వెలువరించిన అధ్యయనం ఈ సంగతిని చూపింది. శిక్షణ, బృందాలు, జీతాల విధానం, నియామకం ఒకదానితో ఒకటి పొసిగిన కట్టగా ఉండి, ఉత్పత్తివిధానంతో ముడిపడినప్పుడే ఉత్పాదకత, నాణ్యత పెరిగాయి. నూమీ విషయంలో ఇది తేటతెల్లం. ఉద్యోగభద్రత లేకపోతే కార్మికుడు స్టాప్‌వాచ్ పట్టుకోడు. స్టాప్‌వాచ్ అతని చేతిలో లేకపోతే ప్రామాణిక విధానం మళ్లీ ఇంజనీరు కాగితమే అవుతుంది. కట్టలో నుంచి ఒక్క పుల్లను ఎత్తుకుపోయినవారికి పుల్ల మాత్రమే దక్కింది.

అదే సంవత్సరం మార్క్ హ్యూసెలిడ్ అమెరికాలోని సుమారు వెయ్యి సంస్థల సమాచారాన్ని విశ్లేషించి, ఉత్తమ మానవవనరుల పద్ధతులు ఎక్కువగా పాటించే సంస్థలలో ఉద్యోగుల వలస తక్కువగా, తలసరి అమ్మకాలు, లాభాలు ఎక్కువగా ఉన్నాయని తేల్చాడు. ఈ రంగంలో ఎక్కువమంది ఉదాహరించే అధ్యయనమిది. లాభాలున్న సంస్థలే ఉద్యోగుల మీద ధారాళంగా ఖర్చుపెట్టగలవు కనుక, ఏది కారణం, ఏది ఫలితం అన్న ప్రశ్నను అటువంటి లెక్కలు పూర్తిగా తీర్చలేవు. ఫ్రీమాంట్ విలువ ఇక్కడే తెలుస్తుంది. అక్కడ ముందున్నది లాభం కాదు, మూతబడిన గేటు.

పోటీబలం ఇచ్చిన పద్ధతిని సంస్థ తానే వదులుకొన్న సందర్భాలూ ఉన్నాయి. జెఫ్రీ ఫెఫర్ 1994లో రాసిన ‘కాంపిటిటివ్ అడ్వాంటేజ్ త్రూ పీపుల్’ గ్రంథంలో, 1972 నుంచి 1992 వరకు షేరు విలువ అత్యధికంగా పెరిగిన ఐదు అమెరికా సంస్థలను ఉదాహరించాడు. వాటిలో ఎలక్ట్రానిక్ వస్తువులు అమ్మే సర్క్యూట్ సిటీ ఒకటి. ఆ సంస్థ 2007 మార్చిలో, మార్కెట్ కంటే ఎక్కువ జీతం తీసుకొంటున్నారన్న కారణంతో దుకాణాలలోని సుమారు 3,400 మందిని తొలగించి, తక్కువ జీతానికి కొత్తవారిని తీసుకోవడానికి పూనుకొంది. వస్తువు గురించి వివరంగా చెప్పగలిగిన అనుభవజ్ఞులే వారిలో చాలామంది. 2008 నవంబరులో సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ఆర్థికమాంద్యం, ఇంటర్నెట్ అమ్మకాలు, ఇతర తప్పిదాలు కూడా అందులో పాలుపంచుకొన్నాయి. అయినప్పటికీ జీతాల పట్టికలో మిగిలిన సొమ్ము దానిని కాపాడలేదన్నది వాస్తవం.

8. పరిమితులు:

నూమీని ఆదర్శంగా మాత్రమే చూపితే చిత్రం అసంపూర్ణమవుతుంది. మైక్ పార్కర్, జేన్ స్లాటర్ 1988లో ఈ విధానాన్ని ‘ఒత్తిడి ద్వారా నిర్వహణ’గా విమర్శించారు. బృందం అన్న మాటకు మరో అర్థం ఉందనీ, గైర్హాజరైనవాడి పనిభారం తోటివారి మీద పడేలా చేసి వారినే కాపలాదారులుగా మార్చడం జరుగుతోందనీ వారి వాదన. కార్మికసంఘంలోనే ఇటువంటి భిన్నాభిప్రాయం ఉన్న వర్గం ఉండేది. 1993 కొత్త మోడల్ ప్రవేశపెట్టిన సమయంలో చేతులు, భుజాల నొప్పులతో గాయపడినవారి సంఖ్య పెరిగి, కాలిఫోర్నియా రాష్ట్ర వృత్తిభద్రతా శాఖ నూమీకి నోటీసులిచ్చింది. పాల్ ఆడ్లర్ తన సహచరులతో కలిసి ఈ వైఫల్యాన్ని కూడా అధ్యయనం చేసి ప్రచురించాడు. ఆ తరువాత సంస్థ పనిభంగిమలకు సంబంధించిన మూల్యాంకనాన్ని కొత్త మోడల్ రూపకల్పనలోనే చేర్చింది. 57 సెకండ్ల పనికి శరీరం చెల్లించే మూల్యం తృప్తి సర్వేలలో వెంటనే కనిపించదు.

రెండవ పరిమితి మన దేశానికి సంబంధించినది. బెంగళూరు సమీపంలోని బిడదిలో టొయోటా కిర్లోస్కర్ కర్మాగారం 1999లో ఉత్పత్తి ప్రారంభించింది. ఉత్పత్తివిధానం అదే, ఆండాన్ తాడు అదే, కైజెన్ అదే. ఆ ప్రాంగణంలో గ్రామీణ విద్యార్థులకు సాంకేతిక శిక్షణ సంస్థను కూడా నెలకొల్పారు. అయినప్పటికీ అక్కడ 2006లో, 2014లో, 2020లో యాజమాన్యం లాకౌట్ ప్రకటించవలసి వచ్చింది. జీతాల ఒప్పందాలు, క్రమశిక్షణ చర్యలు, పనిభారం ఈ వివాదాలలో ముందుకు వచ్చిన అంశాలు. టొయోటా పద్ధతిని జనరల్ మోటార్స్ అనుకరించలేకపోయిందని చెప్పుకోవడం తేలిక. బిడదిలో టొయోటాకే అది సులభం కాలేదు. ఫ్రీమాంట్‌లో సంఘాన్ని గుర్తించిన తరువాత నియామకాలు మొదలయ్యాయి. ఎంపిక బల్ల వద్ద సంఘానికి కుర్చీ ఉంది. లే-ఆఫ్ చేయబోమన్న మాట లిఖితపూర్వకంగా ఉండి, ఆచరణలో పరీక్షకు నిలిచింది. శ్రీసత్యసాయి జిల్లా ఎర్రమంచిలో కియా, శ్రీసిటీలో ఇసుజు వంటి విదేశీ సంస్థలు కార్లు తయారుచేస్తున్న ఈనాడు, అక్కడికి వచ్చిన ఉత్పత్తివిధానాలతో పాటు ఏ నమ్మకాలు వచ్చాయి, ఏవి సముద్రం అవతలే ఉండిపోయాయి అన్నది తెలుగు పరిశోధకులు క్షేత్రస్థాయిలో పరిశీలించదగిన అంశం.

మూడవది ఫ్రీమాంట్ ముగింపు. 2009లో దివాలా ప్రక్రియలోకి వెళ్లిన జనరల్ మోటార్స్ ఉమ్మడి సంస్థ నుంచి తప్పుకొంది. ఒంటరిగా నడపడం గిట్టుబాటు కాదని భావించిన టొయోటా 2010 ఏప్రిల్ 1న కర్మాగారాన్ని మూసివేసింది. అప్పటికి అక్కడ పనిచేస్తున్నవారు సుమారు 4,700 మంది. 26 సంవత్సరాలలో దాదాపు 80 లక్షల వాహనాలు ఆ లైన్ మీదుగా బయటికి వెళ్లాయి. ఉద్యోగులకు 25 కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించారు. కార్మికుల నైపుణ్యంలో కాని, నాణ్యతలో కాని లోపం వెతికి చేసిన నిర్ణయం కాదది. ఒప్పందంలోని ఉద్యోగభద్రత నిబంధన సంస్థ ఉన్నంతకాలం కార్మికుడిని కాపాడింది. సంస్థనే ఉంచాలా వద్దా అన్న నిర్ణయం డెట్రాయిట్‌లో, టొయోటా నగరంలో జరిగింది. ఆ బల్ల వద్ద ఫ్రీమాంట్ మానవవనరుల విభాగానికి కాని, సంఘానికి కాని కుర్చీ లేదు. మరుసటి నెలలో టెస్లా సంస్థ ఆ కర్మాగారాన్ని 4.2 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకొంది. భవనంతో పాటు కొన్ని యంత్రాలు చేతులు మారాయి. నూమీ సంఘం ఒప్పందం మాత్రం ఆ అమ్మకంలో భాగం కాలేదు.